డీజే బాక్సులు తర్వాత, ముందు వైర్లు కొందాం



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి వేసుకునే చందాతో ఈసారి సొంతంగా సౌండ్ సెట్టు కొందామని నాలుగైదు రోజులుగా గ్రూపులో మాటలు నడుస్తున్నాయి. రెండు 18 అంగుళాల బేస్ బాక్సులు, ఒక పెద్ద యాంప్లిఫయర్, తిరిగే లైట్లు అని ఒక తమ్ముడు లిస్టు కూడా పెట్టాడు. దాని కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను మాత్రం ఒప్పుకోను. ఎందుకో కొంచెం పొడుగ్గా చెప్తా, మొత్తం చదివాక తిట్టండి.

నేను బేస్ గిటార్ వాయిస్తానని మీలో కొందరికి తెలుసు. కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట, మార్కాపురం చుట్టుపక్కల తిరునాళ్లకి, పెళ్లిళ్లకి, క్రిస్మస్ కూటాలకి ఆర్కెస్ట్రా వాళ్లు పిలిస్తే పోతా. అర్ధవీడులో బస్సు ఎక్కేటప్పుడు ఆ పొడుగు సంచి చూసి "ఏందిరా అది, తుపాకీనా?" అని అడగని కండక్టర్ లేడు. అడిగినా పర్లేదు గానీ టాపు మీద వెయ్యమంటేనే బాధ. ఒళ్లో పెట్టుకుంటా అని బతిమాలుకోవాల.

బేస్ అనంగానే మనోళ్లకి డీజే బాక్సు ముందు గుండె అదరడమే గుర్తొస్తది. నేను చెప్పే బేస్ అది కాదు. మామూలు గిటారుకి ఆరు తీగలుంటే దీనికి నాలుగే, లావుగా ఉంటాయి. అన్నిటికంటే కింది తీగ సెకనుకి సుమారు 41 సార్లు ఊగుతది. ఆ కింది శబ్దాన్ని మన ఫోన్లో ఉండే బుల్లి స్పీకరు పలికించలేదు. అందుకే పాటలన్నీ ఫోన్లోనే వినే పిల్లలకి ఇట్లాంటి వాయిద్యం ఒకటుందనే తెలవదు. స్టేజీ కింద కూర్చున్నోళ్లకి కూడా ఇది ప్రత్యేకంగా వినపడదు. నేను ఆపేస్తే మాత్రం పాట ఒక్కసారిగా బోసిపోయినట్టు ఉంటది. "నీ గిటారు వినపడట్లేదు గదా, నీకు డబ్బులెందుకు?" అని ఒక కమిటీ ఆయన నవ్వుతానే అడిగాడు. నవ్వుతానే రెండొందలు తగ్గించాడు కూడా.

ఈ వాయిద్యం పుట్టిన తీరు మన పిల్లలకి చెప్పాలి. పాతకాలం అమెరికాలో బేస్ అంటే మనిషంత ఎత్తు ఉండే పెద్ద ఫిడేలు. బండి మీద పట్టదు, బ్యాండులో డ్రమ్ముల మధ్య వినపడదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు రిపేరు చేసుకునే లియో ఫెండర్ 1951లో దాన్ని గిటారంత చేసి, తీగల కింద అయస్కాంతం, రాగి చుట్ట పెట్టి అమ్మాడు. పేరు ప్రెసిషన్ బేస్. తమాషా ఏందంటే ఆయనకి గిటారు వాయించడం రాదు. వైరు, సోల్డరింగ్, కరెంటు తెలుసు. గిటారు రాని ఒక రిపేరు మనిషి ప్రపంచంలో బ్యాండుల శబ్దాన్నే మార్చేశాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లు మన గ్రూపులో ఉన్నారు గదా, నా మాట ముఖ్యంగా వాళ్లకే.

ఇన్నేళ్లు స్టేజీల మీద చూసింది ఒకటే. పాట ఎవరిదైనా, వాయించేది ఎవరైనా, జనానికి ఏం వినపడాలో తేల్చేది మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి. పోయినేడు మన ప్రోగ్రాంలోనే చూశాం. తండా నుంచి వచ్చిన పెద్దాయన నంగారా తెచ్చాడు, మంట దగ్గర తోలు కాచి బిగించుకుని స్టేజీ ఎక్కాడు. సౌండ్ ఆయన ఒక చేతి మైకు తెచ్చి, పాట పాడే ఆడోళ్ల ముందు పెట్టి పోయాడు. నంగారాకి మైకే లేదు. పైగా డీజే పాటలకి పెంచిన బేస్ బటన్ అట్లనే వదిలేశాడు. దాంతో మైకులో పడే గాలి చప్పుడు, స్టేజీ చెక్కల మీద అడుగుల చప్పుడు అన్నీ దడదడలాడినాయి. అందులో నంగారా దెబ్బ యాడ కలిసిపోయిందో తెలవలేదు. కింద నిలబడ్డ పిల్లలు "డీజే పెట్టండన్నా" అని అరిచారు. వాళ్లని నేను తప్పుపట్టను. వాళ్లకి నంగారా వినపడనే లేదు.

ఆ రోజు కావాల్సింది పెద్ద బాక్సులు కాదు. పొట్టి స్టాండు మీద ఒక మైకు, తోలుకి నాలుగు వేళ్ల దూరంలో. పాడేవాళ్ల మైకులకి మిక్సర్లో ఉండే లో కట్ బటన్ నొక్కితే కింది గురగుర పోతది, ఆ జాగా మొత్తం నంగారాకి దొరుకుతది. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు మన పెద్దాయన మీద పెట్టాలని వాళ్లకి అనిపించలేదు. మూడు వాద్యాల సినిమా ఆర్కెస్ట్రా అయితే అరగంట చెకింగ్ చేస్తారు.

కోయ డోలు మీద సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అట్లాంటి మనిషి మన స్టేజీ ఎక్కి ఉంటే మనం ఏం ఏర్పాటు చేసేవాళ్లం? డోలుకి రెండు ముఖాలు. ఒక పక్క కింది శబ్దం, ఇంకో పక్క పై శబ్దం. రెండు పక్కలా మైకు పెట్టకపోతే సగం డోలే వినపడతది. ఇది తెలిసిన పిల్లోడు మనలో ఒక్కడు ఉంటే చాలు, లక్ష రూపాయల బాక్సుల కంటే ఎక్కువ.

ఇంగ రెండోది, నాకు భయం పుట్టించేది. కరెంటు.

మన ఊళ్లలో స్టేజీ అంటే నాలుగు ట్రాక్టర్ డ్రమ్ములు, పైన చెక్కలు, పక్కన జనరేటర్, కొన్నిసార్లు స్తంభం మీద నుంచి లాగిన వైరు. ఎర్త్ అనేది ఉండదు. నేను తీగల మీద చెయ్యి పెడితే, ఆ తీగలు జాక్ వైరు ద్వారా యాంప్లిఫయర్ డబ్బా రేకుకి కలిసి ఉంటాయి. అదే టైములో కోరస్ పాడదామని మైకుకి పెదాలు ఆనిస్తే, ఆ మైకు ఇంకో చోట నుంచి వచ్చే కరెంటుకి కలిసి ఉంటది. ఆ రెండింటి మధ్య తేడా ఉంటే దారి నా ఒళ్లే. ఒకసారి ఒక తిరునాళ్లలో పెదాల మీద సూదితో గుచ్చినట్టు కొట్టింది, వెనక్కి పడ్డా. "చెమట పట్టింది గదా, అందుకే" అన్నారు. చెమట నిజమే, కారణం మాత్రం అది కాదు.

ఇది పల్లెటూరి ముచ్చట మాత్రమే కాదు. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ అనే బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. అంత పెద్ద ఊళ్లో, అంత పేరున్న బ్యాండుకే అట్లయింది.

మనవాళ్లు చేసే ఘోరం ఒకటుంది. బాక్సుల్లో "గుయ్" మని శబ్దం వస్తే, యాంప్లిఫయర్ ప్లగ్గుకున్న మూడో పిన్ను పీకేస్తారు. శబ్దం పోతది, "చూశావా, ఎట్ల సెట్ చేశానో" అంటారు. పీకింది ప్రాణం కాపాడే పిన్ను. ఆ గుయ్ శబ్దానికి అసలు మందు డీఐ బాక్సు. అరచేతి కంటే కొంచెం పెద్ద ఇనప డబ్బా. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని మిక్సర్ దాకా పొడుగు వైరులో చెడిపోకుండా పంపిస్తది. దానికి గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటది. అది సిగ్నల్ వైరు ఎర్త్‌ని మాత్రమే విడదీస్తది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. రెండు పనులకీ శబ్దం పోతది. ఒకదాంతో మనిషి బతికుంటాడు, ఇంకోదాంతో ఏమో చెప్పలేం. ఈ తేడా తెలియకుండా సొంత సెట్టు కొంటే, రేపు మన పిల్లోడే మన చెల్లెలి చేతికి కరెంటు మైకు ఇస్తాడు.

నా సంచిలో గిటారు కంటే ముందు చూసుకునేది టెస్టర్. స్టేజీ ఎక్కంగానే మైకు జాలీకి, యాంప్లిఫయర్ రేకుకి ఆనించి చూస్తా. వెలిగితే వాయించను. ఒక ఆర్గనైజర్‌కి కోపం వచ్చింది, "తండావోడికి ఇన్ని రూల్సా" అన్నాడు. అనుకోనీ. మైకు తొడుగు స్పాంజి కూడా పెట్టుకుంటా గానీ దాన్ని నమ్ముకోకూడదు, తడిస్తే ఎందుకూ పనికిరాదు.

30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ అని ఒక స్విచ్ ఉంటది. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోకి పోతుంటే కన్ను మూసి తెరిచే లోపల ఆపేస్తది. దాన్ని పెట్టి నాలుగు ప్లగ్గుల బోర్డు మనమే కట్టించుకోవచ్చు. అయితే జనరేటర్ మీద నడిపేటప్పుడు దాని న్యూట్రల్‌ని ఎర్త్ చేయకపోతే ఆ స్విచ్ పని చేయకపోవచ్చు. కాబట్టి భూమిలో కడ్డీ దించి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కలిపించి, స్విచ్ మీదున్న టెస్ట్ బటన్ కూడా నొక్కి చూడాల. ఐటీఐ తమ్ముళ్లూ, ఈ పని మీకు మా అందరికంటే బాగా తెలుసు.

గిటారు గురించి కూడా కొంచెం. "గ్రూపుకి ఒక కొత్త బేస్ కొనివ్వండన్నా, నేర్చుకుంటాం" అని ఇద్దరు అడిగారు. సంతోషం. కానీ మెరిసేది వద్దు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేసులు ఉంటాయి, జాక్ గుచ్చి మర్చిపోతే రాత్రంతా బ్యాటరీ తాగేస్తాయి, రెండో పాటలో చచ్చిపోతాయి. అర్ధవీడులో రాత్రి పదింటికి ఆ చదరం బ్యాటరీ యాడ దొరుకుద్ది? బ్యాటరీ లేని మామూలు బేస్, పాతదైనా సరే, మెడ వంకర లేనిది చూసి తీసుకుందాం. మన ఎండలకి చెక్క కదులుతది. వేసవిలో బండి మీద రెండు గంటలు పెడితే తీగలు చెక్కకి తగిలి గరగర మంటాయి. మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటది, అలెన్ కీతో పావు తిప్పు తిప్పి ఒక రోజు ఆగాలి. ఒకేసారి బిగిస్తే మెడే పోద్ది. వాయించాక తీగలు పాత లుంగీ గుడ్డతో తుడిస్తే చాలు, చెమటకి తుప్పు పట్టవు. తీగల సెట్టు ధర చూస్తే గుడ్డ విలువ తెలుస్తది.

"ఇవన్నీ విదేశీ వాయిద్యాలు, మన సంస్కృతి కాదు" అని ఒక అన్న రాశారు. గౌరవంగానే చెప్తున్నా అన్నా. మన మండలంలోనే కాకర్ల ఉంది. త్యాగరాజు గారి ఇంటిపేరు ఆ ఊరిదే, ఆయన పూర్వీకులు అక్కడి నుంచే దక్షిణానికి పోయారని చెప్పుకుంటారు. ఈరోజు ఆయన కీర్తన పాడితే పక్కన వాయించే వయొలిన్ యూరప్ నుంచి వచ్చిందే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. వాళ్లకి ఒక రూలు, మనకొక రూలు ఎందుకు? నంగారా పక్కన బేస్ పెట్టి వాయించి చూశా నేను. రెండూ ఒకేచోట దెబ్బ వేస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. నంగారా దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో నేను పొడుగు స్వరం పెడితే రెండూ బతుకుతాయి. ఎవరు ఎప్పుడు తగ్గాలో తెలిస్తే చాలు.

డీజే బాక్సులకి ఇంకో చిక్కు ఉంది. శబ్ద కాలుష్యం రూల్స్ 2000లోనే వచ్చాయి. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా బయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు, ప్రభుత్వం సడలించిన కొద్ది రోజులు తప్ప. పెద్దోళ్ల ఊరేగింపుల్లో రెండింటి దాకా మోగినా ఎవరూ అడగరు. మన బండి మాత్రం పదింపావుకే స్టేషన్‌కి పోద్ది. లక్ష పెట్టి కొన్నది అక్కడ దుమ్ము పట్టుకుంటా ఉంటే జమానతు కోసం ఎవరు తిరుగుతారు? పెద్ద బాక్సులు ఏడాదికి ఒక్కరోజు అద్దెకి తెచ్చుకుంటే సరిపోద్ది. అద్దెకి దొరకనివి, దొరికినా పాడైపోయినవి ఉండేవే మనం కొనాల.

నా లెక్క ఇది. మొదట ఆర్‌సీసీబీ బోర్డు, ఎర్త్ కడ్డీ, మంచి మూడు పిన్నుల వైర్లు. తర్వాత రెండు డీఐ బాక్సులు, డ్రమ్ముల ముందు పెట్టే గట్టి డైనమిక్ మైకులు నాలుగు, పొట్టి స్టాండ్లు రెండు, పొడుగు స్టాండ్లు రెండు. ఎనిమిది ఛానళ్ల చిన్న మిక్సర్. మిగిలితే పాత బేస్ ఒకటి. ఇవన్నీ రెండు ఇనప ట్రంకు పెట్టెల్లో పడతాయి, ఆటోలో వస్తాయి. లిస్టు పెట్టిన తమ్ముడు చెప్పిన బాక్సుల ధరలో సగం కూడా కాదు.

పెట్టెల తాళాలు ఎవరి దగ్గర ఉండాలి అనేదే నాకు ఇంకా తేలలేదు. ఒక్కడి ఇంట్లో పెడితే రెండో నెలకి అవి అతనివి అయిపోతాయి, మన దగ్గర ఇంతకుముందు షామియానా విషయంలో అదే జరిగింది. చెంచు గూడెం నుంచి ఒకరు, ఎరుకల వాళ్ల నుంచి ఒకరు, తండాల నుంచి ఒకరు, ముగ్గురు కలిస్తేనే తెరుచుకునేట్టు మూడు తాళాలు వేద్దామా? ఆ ముగ్గురిలో ఒకరు చెల్లెమ్మ అయితే ఇంకా బాగుంటది. మిక్సర్ నేర్చుకుంటానని ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు నన్ను అడిగారు. ఆదివారాలు కంభంలో ఉంటా, గిటారు తెస్తా, ఎవరైనా పాత మిక్సర్ ఒకటి సంపాదిస్తే అప్పుడే మొదలుపెడదాం.