జయంతి రోజు ఏడుపు పాటా?

పేట కబుర్లు – 23



పోయిన ఆదివారం రాత్రి మా పేట కమ్యూనిటీ హాలు అరుగు మీద కూర్చుని ఆరు పాటలు విన్నాను. పాడింది మా పేట కుర్రోడే. పందొమ్మిదేళ్ళుంటాయి. పగలు సెల్ షాపులో పని, రాత్రి ఫోన్లో పాటలు కట్టడం. ఆ ఆరింటినీ కలిపి ఆల్బమ్ అని పేరు పెట్టుకున్నాడు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు పోతా ఉన్నాయి. ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవిలో, ఇంకోటి నా చెవిలో.

నిజం చెప్పేస్తా. నేను పాటలు విందామని వెళ్ళలేదు. వాడికి నచ్చజెప్పి రమ్మని పంపితే వెళ్ళాను.

ఏప్రిల్ 14 దగ్గరకొస్తోంది కదా. స్టేజీ మీద ఎవరేం పాడాలని జయంతి కమిటీలో మాట వచ్చింది. కుర్రోడి పాటల్లో ఒకటి ఎవరో వినిపించారు. సగంలోనే ఆపేశారు. మా పెద్దాయన ఒకాయన, నలభై ఏళ్ళుగా జెండా మోసిన మనిషి, "జయంతి రోజు ఏడుపు పాటేంట్రా? మనం చేసేది బాబాసాహెబ్ పుట్టినరోజా, దినమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి తేల్చిందేంటంటే, ఆఖర్లో జనం లేచి నిలబడేటట్టు ఒక చరణం కలిపితే పాడనిద్దాం. ఆ మాట వాడికి చెప్పే పని నా మీద పడింది.

ఆ పాటల్లో ఏముందో చెప్తాను. మొదటిది విజయవాడలో అద్దె ఇంటి కోసం తిరిగిన వాళ్ళక్క గురించి. ఇంటివాళ్ళు ముందు ఏం తింటారని అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశామంటారు. రెండోది తాగి తాగి పోయిన వాళ్ళ నాన్న గురించి. మూడోది చెరుకు నరికే చేతులు. నాలుగోది అమ్మ. ఐదోది డిగ్రీ పాసై అరుగుల మీద కూర్చున్న కుర్రోళ్ళు. ఆరో దాంట్లో మాటల్లేవు. రెండు నిమిషాలు చావు డప్పు దరువు, ఉన్నట్టుండి ఆగిపోద్ది. అంతే. ఎక్కడా పిడికిలి లేదు, జెండా లేదు, తెల్లారద్దన్న మాట లేదు.

వినడం అయ్యాక కమిటీ మాట చెప్పాను. వాడు కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, "అన్నా, మా నాయనమ్మ మా నాన్న శవం మీద పడి శోకండాలు పెట్టింది గదా. ఆఖర్లో ధైర్యం చెప్పిందా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు.

మా అమ్మమ్మ దివిసీమ మనిషి. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆవిడ పుట్టింటి వాళ్ళు చాలామంది పోయారు. వేలమందిని మింగిన ఉప్పెన అది. నేను అప్పటికి పుట్టలేదు. కానీ ప్రతి ఏడూ ఆ రోజు వస్తే ఆవిడ గోడకి ఆనుకుని, ఒక్కొక్క పేరూ తలుచుకుంటూ రాగం తీసేది. తమ్ముడి పేరు, వాడికి ఇష్టమైన కూర, వాడు కట్టుకున్న గళ్ళ లుంగీ. ఆ రాగానికి ముగింపు ఉండేది కాదు. గొంతు అలిసిపోతే ఆగేది. తర్వాత లేచి పొయ్యి వెలిగించేది. మాకు తెలిసిన మొదటి పాటలు అవి. వాటిని ఎవరూ నిస్పృహ అనలేదు, చరణం కలపమనలేదు.

ఇప్పుడు మీలో కొందరికి వింతగా ఉండే సంగతి చెప్తాను. ఈ ఇరవై ఏళ్ళలో నేను పిచ్చిగా విన్న బ్యాండు ఒకటుంది. స్వీడన్ వాళ్ళది, పేరు రెఫ్యూజ్డ్. పంక్ సంగీతం. హాస్టల్లో నా రూమ్మేటు ఒక సీడీ కాపీ చేసి ఇచ్చాడు. మాటలు సగం అర్థం కాకపోయినా, ఆ గొంతు చించుకోవడం నాకు అర్థమయ్యింది. మన డప్పు గుంపు పూనకంలో ఉన్నప్పుడు వచ్చే ఊపు అందులో ఉంది.

స్వీడన్‌కి ఉత్తరాన ఉమియో అని ఒక ఊరు. 1991లో అక్కడి కుర్రాళ్ళు కట్టిన బ్యాండు. 1998లో 'ది షేప్ ఆఫ్ పంక్ టు కమ్' అని ఆల్బమ్ తెచ్చారు. ఆ పేరు ఆర్నెట్ కోల్‌మన్ అనే నల్లజాతి జాజ్ కళాకారుడి 1959 ఆల్బమ్ పేరుని గుర్తుచేసేలా పెట్టుకున్నది. అమెరికా బ్లాక్ పాంథర్స్‌ని చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్న వాళ్ళ వారసులం మనం. పేరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో దాచని వాళ్ళంటే మనకి గౌరవం ఉండాలి. ఆ ఆల్బమ్ వచ్చిన ఏడాదే బ్యాండు విడిపోయింది. 2012లో మళ్ళీ కలిశారు. 2019 అక్టోబరులో 'వార్ మ్యూజిక్' తెచ్చారు. 2024 డిసెంబరులో సొంత ఊళ్ళోనే ఆఖరి కచేరీ చేసి సెలవు తీసుకున్నారు.

'వార్ మ్యూజిక్' చీకటి ఆల్బమ్. ఒక పాట పేరు 'ఎకానమీ ఆఫ్ డెత్'. ఇంకోదాని పేరు లోకం తగలబడుతుంటే చూడాలనుంది అని. బందరు రోడ్డు మీద బస్సులో పోతూ ఎన్నిసార్లు విన్నానో. 1998లో కుర్రాళ్ళుగా కొత్త రోజులు తెస్తామన్న వాళ్ళు, నలభై దాటాక లోకం ఇంకా అధ్వాన్నమయ్యిందని కోపంగా పాడుతున్నారు. వాళ్ళని ఒక్క ఆశ చరణం కలపమని నేను కోరలేదు. పైగా "నిజం చెప్పార్రా" అనుకున్నాను.

ఇక్కడే నాకు సిగ్గేసింది. చలి దేశంలో, కడుపు నిండిన సమాజంలో పుట్టిన తెల్లవాళ్ళు చీకటి పాడితే కళ అన్నాను. మా పేట కుర్రోడు వాళ్ళ నాన్న చావు పాడితే నిస్పృహ అన్నాను. దుఃఖపడే హక్కు కూడా పుట్టుకని బట్టి పంచుతున్నానన్నమాట.

మరి మా పెద్దాయన మాటకి విలువ లేదా? ఉంది. చాలా ఉంది. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్ళని చంపినప్పుడు మిగిలినవాళ్ళు చీరాలకి పారిపోయి వచ్చారు. ఆ శిబిరంలో భయంతో వణుకుతున్న మనుషులకి కావలసింది లేపి నిలబెట్టే పాట. గద్దర్ లాంటి వాళ్ళు ఆ పాట ఇచ్చారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. పాట లేకపోతే అంతమంది రోడ్డెక్కేవాళ్ళు కాదు. మా పెద్దాయన ఆ రోజుల్లో కుర్రోడు. పాట మనిషిని నడిపించడం కళ్ళారా చూసినవాడు. ఆయన భయం ఇంకోటి కూడా ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాక మనలో ఏ తల్లి నిశ్చింతగా ఉంది? చదువుకున్న పిల్లోడు చీకటి పాట పాడితే పెద్దవాళ్ళకి గుండె జారద్ది. దాన్ని చాదస్తం అంటే నేను ఒప్పుకోను.

కానీ చుండూరుకి ఏ ఆఖరి చరణం కలుపుదాం చెప్పండి? 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంటే 2007లో శిక్షలు పడ్డాయి. ఆ రోజు మేమంతా డప్పులు కొట్టాం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ సాయంత్రం మా పేటలో ఎవరూ ఏ పాటా పాడలేదు. పాడటానికి మన దగ్గర అలాంటి పాట లేదు. అన్నీ గెలిచే పాటలే. ఓడిపోయిన రాత్రికి ఒక్క పాటా దాచుకోలేదు.

ఉందనుకోండి, కలేకూరి ప్రసాద్ గారున్నారు. అప్పటి మన కృష్ణా జిల్లా కంచికచర్ల మనిషి. 1968లో కోటేశుని సజీవంగా తగలబెట్టిన ఊరు. 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' రాసినాయన. దాన్ని మనం ప్రతి సభలో తలుచుకుంటాం. కట్నం మంటల్లో పోయిన ఆడపిల్ల కోసం 'కర్మభూమిలో' పాట రాసింది కూడా ఆయనే. 'శ్రీరాములయ్య' సినిమాతో ఊరూరా తెలిసింది. ఆ పాట వింటే ముందు కళ్ళలో నీళ్ళొస్తాయి. పిడికిలి సంగతి తర్వాత. అంత దుఃఖం మోసిన మనిషి 2013 మే 17న ఒంగోలులో పోయారు. పోస్టర్ల మీద ఆయన పిడికిలి వేసుకున్నాం. ఆయన దుఃఖం వినడానికి ఎంతమందిమి పక్కన కూర్చున్నాం?

నాకు ఆ సీడీ ఇచ్చిన రూమ్మేటు గురించి చెప్పకుండా ఇది ముగించలేను. మంచి గొంతు వాడిది. సభల్లో వాడు పాడితే ఈలలు పడేవి. ఒక నోటుబుక్కులో వేరే పాటలు రాసుకునేవాడు, అన్నీ దిగులు పాటలు. ఒకసారి నాకు వినిపించాడు. "బాగుందిరా, చివర్లో కొంచెం ఊపు పెట్టు" అన్నాను. ఇంకెప్పుడూ వినిపించలేదు. సభల్లో ఊపు పాటలే పాడాడు. గది కొచ్చి తాగేవాడు. ముప్ఫై నాలుగేళ్ళకి పోయాడు. 'వార్ మ్యూజిక్' వచ్చేసరికి దాని గురించి మాట్లాడుకోవడానికి వాడు లేడు. ఆ నోటుబుక్కు ఏమయ్యిందో తెలియదు. మొన్న కుర్రోడికి నేను చెప్పబోయింది అచ్చంగా అదే మాట. ఇరవై ఏళ్ళకి కూడా నేను మారలేదు.

అభిమానిగా కుర్రోడికి నా మాటలు నేను చెప్పాను. నాలుగో పాటలో అమ్మ ఏడవడం తప్ప ఇంకేం చెయ్యదు. కానీ నువ్వు చూసిన అమ్మ పొద్దున్నే నాట్లకి పోద్ది, డ్వాక్రా మీటింగులో గొడవ పడద్ది. ఆవిడని కూడా పాడు. డప్పు దరువు ఫోన్లో చేశావు, మీ తాత డప్పు ఇంట్లోనే ఉంది, మంట మీద కాచి కొట్టు, ఆ మోత వేరు. ఐదో పాట నిడివి ఎక్కువ. ఆరోది ముట్టుకోకు. వాడు ఫోన్లో అన్నీ రాసుకున్నాడు. చరణం సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

కమిటీకి ఏం చెప్పానో కూడా రాస్తున్నాను, చాటున మాట్లాడినట్టు ఉండకూడదని. ఊరేగింపులో ఊపు పాటలే ఉండాలి, డీజే ఉండాలి, కుర్రాళ్ళు ఎగరాలి. అది మన పండగ. రాత్రి భోజనాలకి ముందు పావుగంట వీడికివ్వండి. లైట్లు తగ్గించక్కర్లేదు, ఎవరూ లేచి నిలబడక్కర్లేదు. కూర్చుని వినండి చాలు. పాట అయ్యాక వాడిని ఒక్కణ్ణీ వదిలేయకుండా మనలో ఒకరు పక్కన కూర్చుని అన్నం తినండి. చీకటి పాటతో ప్రమాదం ఉన్న మాట నిజమే. నేను చూసినంతలో అది పాడినందుకు రాలేదు, వినేవాడు లేనందుకు వచ్చింది.

పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు. "చూద్దాంలే" అన్నాడు. ఆయన నోట చూద్దాం అంటే సగం పని అయినట్టే. నిన్న సాయంత్రం కుర్రోడి షాపుకి వెళ్ళి, రీఛార్జి నెపంతో అరగంట కూర్చుని వచ్చాడని తెలిసింది.

ఉయ్యూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు 14 రాత్రి రండి. భోజనం ఉంటుంది.

జై భీమ్.

(మిగతా కబుర్లు వచ్చే ఆదివారం)