కంప్యూటరు పెట్టెకు వాతాయనం



"వాతాయనం" అన్న మాట ఇప్పుడు నిఘంటువుల్లో తప్ప వినిపించడం లేదు. కిటికీ అని దాని అర్థం. వాత, అయన శబ్దాలు సవర్ణదీర్ఘసంధితో కలిసి ఏర్పడిన సమాసం. వాతం అంటే గాలి, అయనం అంటే నడిచే దారి. ఉత్తరాయణంలో ఉన్నది కూడా ఆ అయనమే. మన పెద్దలు గోడకు పెట్టిన కంతను చూసి గాని, దానికి బిగించిన తలుపును చూసి గాని ఈ పేరు పెట్టలేదు. గాలి పోయే దారిని చూసి పెట్టారు. ఈ టపాలో నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది. మన బల్లల కింద ఉన్న కంప్యూటరు పెట్టెలకు మరో నాలుగు ఫ్యాన్లకంటె ముందు కావలసినది వాతాయనం.

తెలుగు పండితుడికి ఈ ఫ్యాన్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులకు తోచవచ్చు. మనం వ్రాసుకున్న పద్యాలు, వ్యాసాలు, ఏళ్ళ తరబడి ఏరి తెచ్చుకున్న పదాలు ఆ పెట్టెలోనే ఉన్నాయి కదా! వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం అది ఉన్నట్టుండి ఆరిపోతే ఆగిపోయేది మన వ్రాతే. పైగా "ఇది పాతదైపోయిందండీ, కొత్తది తీసుకోండి" అన్న మాట విని పింఛను డబ్బులో నుంచి ముప్పై నలభై వేలు తీసి ఇస్తున్నవారిని చూస్తున్నాను. వారిలో కొందరి యంత్రాలకు పట్టిన జబ్బు ముసలితనం కానే కాదు, ఊపిరాడకపోవడం.

లోపల జరిగేదేమిటో ముందు చూద్దాం. వాడుకలో పెట్టెనంతటినీ సీపీయూ అనేస్తున్నాం గాని, ఆ పేరు లోపల మదర్‌బోర్డు మీద కూర్చున్న ప్రాసెసరుది మాత్రమే. అది వాడుకునే విద్యుత్తు చివరకు వేడిగానే మారుతుంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, హార్డు డిస్కు, ఎస్.ఎం.పి.ఎస్. అన్నీ కలిసి 200 వాట్లు వాడుకుంటున్నాయనుకుందాం. అంటే ఆ పెట్టెలో 200 వాట్ల కుంపటి వెలుగుతున్నట్టే. ఆ వేడిని మోసుకుపోయే గాలి, వచ్చినప్పటికంటె 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటపడాలంటే సెకనుకు సుమారు 17 లీటర్ల గాలి పెట్టెలో నుంచి ప్రవహించాలి. అందులో సగమే ప్రవహిస్తే అదే గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇది ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రపు లెక్కే.

ఇక్కడ మరచిపోకూడని విషయం ఒకటుంది. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది, అంతే. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి భాగాలు గదికంటె చల్లగా ఉండవు. రెంటచింతల, రామగుండం వంటి ఊళ్ళలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. గదిలో 40 ఉండి, పెట్టెలో గాలి మరో 20 పెరిగితే, ప్రాసెసరుకు అందే "చల్లగాలి" 60 డిగ్రీలన్నమాట! నేటి ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95, 100 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అక్కడికి చేరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే ఆరిపోతాయి. 2000 సంవత్సరంలో వచ్చిన పెంటియం 4 నాటికే ఈ ఏర్పాటు ఉంది. మనకు మాత్రం యంత్రం "నెమ్మదించింది" అనిపిస్తుంది. నెమ్మదించినదల్లా ముసలిదని తీర్మానిస్తాం.

నెమ్మదించడానికి వేడి ఒక్కటే కారణమని నేననను. ర్యామ్ చాలకపోవచ్చు, హార్డు డిస్కు అరిగిపోయి ఉండవచ్చు. తేడా తెలుసుకునే ఉపాయం సులభం. మీట నొక్కిన మొదటి నిమిషం నుంచీ నెమ్మదిగా ఉంటే వేడిని తప్పుపట్టనక్కరలేదు. మొదట చురుకుగా ఉండి, పావుగంట పని చేశాక మందగిస్తే, ఆ మందగింపు పుష్యమాసంలో కంటె వైశాఖంలో ఎక్కువగా ఉంటే, గాలి దారిని అనుమానించాలి.

ప్రాణాయామం తెలిసినవారికి ఈ దారి వెంటనే బోధపడుతుంది. పెట్టె ముందుభాగాన, కిందివైపు ఉన్న ఫ్యాను గదిలోని గాలిని లోపలికి పీల్చాలి. అది పూరకం. వెనుక, పైభాగాన ఉన్న ఫ్యాను వేడెక్కిన గాలిని బయటకు వదలాలి. అది రేచకం. ఈ రెంటి నడుమ ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు గాలికి తగలాలి. కుంభకం యోగికి మేలు చేస్తుందేమో గాని పెట్టెకు మాత్రం చేటు. 1995లో ఇంటెల్ సంస్థ రూపొందించిన ఏటీఎక్స్ అమరికనే, చిన్నచిన్న మార్పులతో, నేటికీ చాలా పెట్టెలు అనుసరిస్తున్నాయి. కనుక ముందు నుంచి వెనుకకు, కింద నుంచి పైకి అన్న సూత్రం చాలావాటికి చెల్లుతుంది.

"వేడిగాలి తనంతట తానే పైకి పోతుంది కదా" అని ఒక వాదం ఉంది. పోతుంది, నిజమే. కాని మూరెడు ఎత్తున్న పెట్టెలో ఆ సహజగతి చాలా బలహీనం. ఫ్యాను ఎటు తోస్తే గాలి అటే పోతుంది. అందుచేత ఫ్యాను దిశ ముఖ్యం. రెండు ఫ్యాన్లనూ లోపలికే ఊదేటట్టు బిగించిన పెట్టెలను నేను చూశాను. మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఫ్యానుకు ఏ వైపున ఉన్నాయో, సాధారణంగా గాలి ఆ వైపుకే వస్తుంది. సందేహముంటే సన్నని కాగితపు పేలిక దగ్గర పెట్టి చూడండి, అదే చెబుతుంది.

ఇక మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? కంప్యూటరు బల్ల పేరుతో అమ్మే సామానులో పెట్టె కోసం ఒక చెక్క అర ఉంటుంది. మూడు వైపులా చెక్క, ముందు తలుపు. పెట్టెను అందులోకి తోసి, తలుపు మూసి, పైన అందమైన గుడ్డ కప్పుతాం. వెనుక నుంచి వెలువడిన వేడిగాలికి పోయే చోటు లేక, పక్కల నుంచి చుట్టి ముందుకు వచ్చి, మళ్ళీ పూరకంలో ప్రవేశిస్తుంది. ముసుగుతన్ని పడుకున్నవాడు తన ఊపిరి తానే పీల్చినట్టు! ఆ స్థితిలో కొత్త ఫ్యాను తగిలిస్తే అదే వేడిగాలిని మరింత జోరుగా తిప్పుతుంది. ఆ అర తలుపు ఊడదీసి, వెనుక చెక్కను కోయించి, పెట్టె వెనుక కనీసం జానెడు ఖాళీ ఉంచడం ఏ ఫ్యాను కంటె అయినా మంచి వైద్యం. దానికి ఖర్చు వడ్రంగి కూలి మాత్రమే.

రెండో ఆచారం పక్కరేకు విప్పేసి, ఎదురుగా బల్లఫ్యాను పెట్టడం. మరమ్మతు చేసేవారు సైతం ఈ సలహా ఇస్తున్నారు. దీన్ని నేను పరీక్షగా ఒప్పుకుంటాను గాని చికిత్సగా ఒప్పుకోను. రేకు తీయగానే ప్రాసెసరు వేడి బాగా దిగిందంటే, ఆ పెట్టెకు గాలి దారి మూసుకుపోయిందని రుజువు. అంతవరకు అది ఉపకారమే. అలాగే వదిలేస్తే మాత్రం కాలువకు గండి కొట్టినట్టవుతుంది. గండి పడిన చోట నీరు పుష్కలం, శివారు పొలానికి చుక్క రాదు. ముందు ఫ్యాను నుంచి హార్డు డిస్కు మీదుగా, బోర్డు మీదుగా పోవలసిన గాలి దారి తప్పుతుంది. వెనుక కార్డులు తీసేసిన చోట చిన్న రేకులు బిగించకుండా కంతలు వదిలినా ఇదే జరుగుతుంది. వెనుక ఫ్యాను దూరాన ఉన్న ముందుద్వారాన్ని వదిలి, పక్కనున్న కంతలో నుంచే గాలి లాగుతుంది. ఇక దుమ్ము, బల్లులు, బొద్దింకల సంగతి వేరే చెప్పాలా?

దుమ్ము గురించి ఒక అనుభవం చెబుతాను. నాతోపాటు పదవీ విరమణ చేసిన సాంఘికశాస్త్రం మాష్టారొకరు మా ప్రాంతపు ఊళ్ళ పేర్లను, వాటి వెనుక కథలను పదేళ్ళకు పైగా సేకరిస్తూ వచ్చారు. మొన్నటి వేసవిలో ఆయన యంత్రం అరగంటకొకసారి ఆరిపోసాగింది. "బోర్డు పోయింది సార్, మార్చేయండి" అన్నాడట చూసిన అబ్బాయి. ముందుగా ఆ వ్రాతలన్నిటికీ మరో డిస్కులో నకలు తీశాం. ఆ తరువాత పెట్టె విప్పి చూస్తే, ప్రాసెసరు మీది హీట్‌సింకు రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా అట్టకట్టి ఉంది. గాలి దూరడానికి చీమంత సందు లేదు. వెనుక ఫ్యాను తిరగడం మానేసి ఎన్నాళ్ళయిందో! ప్లగ్గు తీసి, ఆరుబయట పెట్టి, ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకొని బ్లోయరుతో దుమ్ము ఊదాం. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాం. వెనుక ఫ్యాను మార్చాం. పనిలో ఉండగా 90 డిగ్రీలు దాటే ప్రాసెసరు అదే గదిలో, అదే ఎండలో 70 లోపుకు దిగింది. ఫ్యానుకూ పేస్టుకూ కలిపి వెయ్యి రూపాయలు కాలేదు. ఆయన ఊళ్ళ పేర్లు ఇప్పుడు మూడో సంపుటంలోకి ప్రవేశించాయి.

ఆ అబ్బాయిని నిందించడం నా ఉద్దేశం కాదు. విప్పి తుడిచినందుకు మనం వంద రూపాయలు ఇవ్వడానికి బేరమాడతాం. కొత్తది అమ్మితే అతడికి నాలుగు డబ్బులు మిగులుతాయి. శుభ్రం చేసే పనికి విలువ కట్టని చోట కొత్తది కొనమనే సలహాయే దొరుకుతుంది.

అంగళ్ళలో అమ్మకానికి పెట్టే పెట్టెల గురించి కూడా ఒక మాట. ముందువైపంతా అద్దం బిగించి, లోపల రంగురంగుల దీపాలు తిరిగే పెట్టెలు కొన్ని ఉన్నాయి. అద్దం వెనుక మూడు ఫ్యాన్లు ఉంటాయి గాని, గాలి రావడానికి అంచున వేలెడు సందు మాత్రమే ఉంటుంది. తలుపులు బిగించిన ఇంట్లో మూడు పంకాలు తిరిగినట్టు. మనుమడి ముచ్చట కోసం కొంటే కాదనను. వ్రాతపనికి కొనేవారు మాత్రం ముందువైపు జాలీ ఉన్న పెట్టెను అడిగి తీసుకోవాలి. ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటో రెండో, వెనుక ఒకటి ఉంటే మామూలు పనికి ధారాళంగా సరిపోతాయి. 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను గిరగిరా తిరిగి తోసే గాలిని పెద్ద ఫ్యాను నిదానంగా తిరిగి తోస్తుంది, రొద తక్కువ. వచ్చే గాలి పోయే గాలికంటె కొంచెం ఎక్కువగా ఉండేటట్టు చూసుకుంటే మరో లాభముంది. పెట్టె సందుల్లో నుంచి గాలి బయటికే వస్తుంది గనుక దుమ్ము ఆ దారిన లోపలికి రాదు. వచ్చేదంతా ముందు జాలీలో చిక్కుతుంది, నెలకొకసారి దులుపుకుంటే చాలు. అగరువత్తులు, దోమల చుట్టలు వెలిగించే మన ఇళ్ళలో ఆ నెల గడువు దాటనీయకూడదు.

"ఏసీ గదిలో పెడితే ఈ బాధలుండవు కదా" అని మీలో కొందరు అంటారు. ఏసీ గదిలో లోపలికి వచ్చే గాలి చల్లనిదే. కాని చెక్క అరలో బంధించిన పెట్టెకు ఆ చల్లదనం చేరాలి కదా. దారి లేనిచోట ఏసీ వల్ల కరెంటు బిల్లు పెరగడమే ఎక్కువగా జరుగుతుంది. నీటితో చల్లబరచే పరికరాలకూ ఇదే సూత్రం. నీరు వేడిని ఒక చోటి నుంచి మరో చోటికి మోస్తుంది, చివరకు దాన్ని గాలికే అప్పగించాలి.

మరోవైపు అతిభయమూ పనికిరాదు. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా హార్డు డిస్కులను పరిశీలించి ప్రకటించిన పత్రంలో, మరీ ఎక్కువ వేడిలో తప్ప, వేడికీ డిస్కులు పాడవడానికీ అనుకున్నంత సంబంధం కనిపించలేదన్నారు. చల్లగా ఉంచితే డిస్కు చిరంజీవి అవుతుందన్న భ్రమ వద్దన్నమాట. అందుకే వ్రాతలకు నకలు తీసుకోవడం తప్పనిసరి. గాలి యంత్రాన్ని కాపాడుతుంది, వ్రాతను కాపాడేది నకలే. తీగలను అందంగా కట్టేందుకు రోజంతా వెచ్చించనక్కర కూడా లేదు. ఫ్యానుకు అడ్డంగా లేకుంటే చాలు, మిగిలిన సర్దుబాటు వల్ల చాలా సందర్భాల్లో కలిగే తేడా కొద్దిపాటిదే.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. కొత్త యంత్రం కొనేముందు పాత యంత్రానికి ఊపిరి అందుతున్నదో లేదో చూడండి. కొత్త ఫ్యాను కొనేముందు ఉన్న ఫ్యానుకు ఎదుట అడ్డమేమున్నదో చూడండి. రెండు చేతుల మధ్య ఇమిడే ఒక పెట్టెకు గాలి వచ్చే దారి, పోయే దారి చూపించడానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. ఒక స్క్రూడ్రైవరు, ఒక కుంచె, ఒక ఆదివారం చాలు. ఫాల్గుణం వెళ్ళేలోగా ఆ ఆదివారం ఏదో మీరే నిర్ణయించుకోండి.

మీ పెట్టెల ముచ్చట్లు, నేను చెప్పినదానితో భేదాభిప్రాయాలు ఉంటే వ్యాఖ్యల్లో తప్పక వ్రాయగలరు.

సెలవు.