షజరా లేనోళ్ళం

మీ ఖాందాన్ ఏదని మమ్మల్ని అడుగుతారు. సంబంధాలు చూసే పెద్దలు అడుగుతారు, ఉర్దూ ముషాయిరాల్లో ముందు వరుసలో కూర్చునే వాళ్ళూ అడుగుతారు. అరబ్బుల దాకా షజరా చూపించగలిగిన వాళ్ళకే చరిత్ర ఉన్నట్టు! మరి చిలకలూరిపేట పక్క పల్లెలో పుట్టి, కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడికి పెళ్ళామై పోయిన మా దూదేకుల ఆడమనిషికి షజరా ఎవరు రాశారు?

మేం చెప్తాం, రాసుకోండి. ఆమె తాత భుజాన విల్లేసుకుని ఊరూరా తిరిగి రైతుల అరుగుల మీద దూది ఏకేవాడు. నాయనమ్మ పరుపులు కుట్టేది. నల్లరేగడిలో పత్తి పండించిన వాళ్ళు వేరు, అమ్ముకున్న వాళ్ళు వేరు. నుసి మింగింది మాత్రం మావాళ్ళు. ఏకే మరలొచ్చాక విల్లు అటకెక్కింది. తల్లి మిరప కోతలకు పోయింది. తొడిమలు తీసిన చేత్తో చంటిబిడ్డను ఎత్తుకోవాలంటే భయం, ఆ మంట నీళ్ళతో కడిగితే పోదు. గుంటూరు మిర్చి ఘాటని దేశమంతా గొప్పగా చెప్పుకుంటుంది గదా, ఆ వేళ్ళ సంగతి చెప్పదేం?

ఆ ఇంటి పిల్ల సింగరేణి చేరింది. తాతది తెల్ల నుసి, మొగుడిది నల్ల నుసి. బట్టలుతికేది ఈమే. 1952 గనుల చట్టం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచెయ్యకూడదంది. రక్షణ కోసమే అనుకుందాం. 2019లో సడలించారు, అదీ టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజరు పనులకు. ఈమెకు దాంతో ఏం పని? కంపెనీ కాగితాల్లో ఫలానా వారి భార్య. కార్మిక కథల్లో జీతం రోజున మొగుడి కోసం ఎదురుచూసే ఆడది. ఆమెకో పుట్టిల్లుందని, ఆ ఇంటికో వృత్తి ఉందని అడిగిన కథకులెందరు?

ఇక కులం కాగితం. 1970 నుంచి సర్కారు జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బి.సి. 'బి'. 2007లో కొన్ని పేద ముస్లిం తెగలకు బి.సి. 'ఇ' కింద 4 శాతం ఇచ్చారు. మసీదులో ఒకటే వరుస, ఎమ్మార్వో ఆఫీసులో రెండు. మసీదులో మాత్రం ఒకటేనా? ఉర్దూ రాదని ఎగతాళి చేసే వాళ్ళు ఆ సఫ్‌లోనే భుజం కలిపి నిలబడతారు. తెలుగులో దువా చేస్తే అల్లాకు అర్థం కాదా? ఇరుగుపొరుగుకు ఆమె సాయిబులామె. సయ్యదుల ఇంట్లో దూదేకులది. 2014 తర్వాత కొత్తగూడెంలో ఆంధ్రామె. 2022లో పుట్టినూరి జిల్లా పేరు కూడా మారి పల్నాడయింది.

నవాబుల వంశవృక్షాలు చాలా అచ్చయినయ్. ఇక ఆమె దగ్గరకు పోండి. మేం బళ్ళో నేర్చుకున్న ఉర్దూలో కాదు, తెలుగులో అడగండి. తాత విల్లుకు తాడు ఎట్లా బిగించేవాడో చేత్తో చూపిస్తుంది.