వీధిలో ఒంటరి మనిషి

ఫొటోగ్రాఫునకు తెలుగువారు ఛాయాచిత్రమని పేరు పెట్టుకొనిరి. ఛాయ యనగా నీడ. కాంతి యను అర్థమును ఆ మాటకు కలదు. ఈ రెండింటి పొందికయే ఆ కళకు ప్రాణము. కాని వెలుగునీడలు ఉన్నదానిని చూపుటయే గాక, లేని ఒంటరితనమును కల్పింపను కూడ గలవు.

1838లో పారిస్ నగరమున డాగేరు ఎత్తైన కిటికీనుండి ఒక రాజవీథిని చిత్రించెను. ఫలకముపై బింబము నిలుచుటకు కొన్ని నిమిషములు పట్టిన కాలమది. అందుచే కదలిపోవుచున్న బండ్లు, బాటసారులు జాడలేక మాసిపోయిరి. బూట్లకు పాలిషు పెట్టించుకొనుచు నిలిచిన యొక మనిషి మాత్రము స్పష్టముగా మిగిలెను. నిర్జన వీథిలో ఏకాకివలె తోచు ఆతడు నిజమునకు జనసమ్మర్దము నడుమ నున్నవాడే.

హాంగ్‌కాంగ్‌లో ఫాన్ హో 1954లో తీసిన 'సమీపించు నీడ' జగత్ప్రసిద్ధము. తెల్లని గోడచెంత ఒక యువతి. ఆమె వైపునకు ఏటవాలుగా సాగివచ్చు నీడ. ఆమె ఆయన కోరికపై నిలిచిన బంధువు. యౌవనము నిలువదని సూచించుటకు ఆ నీడను ఆయన చీకటిగదిలో చేర్చెను. అందులో ఎవరికిని అపచారము జరుగలేదు.

న్యూయార్కు టైమ్స్ స్క్వేరులో డికోర్షియా 1999–2001 నడుమ తీసిన చిత్రముల సంగతి వేరు. మరుగున అమర్చిన దీపములతో, దారిన పోవువారి ముఖములను వారెరుగకుండ ఆయన గ్రహించెను. చుట్టును చీకటి క్రమ్మగా, గుంపులోనివారే లోకమున ఒంటరులైనట్లు కనిపించిరి. వారిలో నొకరు తన మతవిశ్వాసమునకు భంగము కలిగెనని వ్యాజ్యము వేయగా, 2006లో న్యాయస్థానము ఆ చిత్రములు కళాఖండములని చెప్పి దానిని కొట్టివేసెను.

చట్టము ఒప్పినదంతయు మర్యాద ఒప్పదు. నేడు ప్రతి చేతిలోను కెమెరా గల ఫోనున్నది. తెల్లవారుజామున బస్టాండు అరుగుపై కూర్చున్న కూలీ, వీధిదీపము క్రింద ఊడ్చుచున్న స్త్రీ చిత్రమునకు అందమైన రూపములే. అయితే ఆ కూలీ తన తోటివారికొరకు ఎదురుచూచుచుండవచ్చును. అట్టివానికి దిక్కులేనివాడను శీర్షిక తగిలించుట అన్యాయము. ముఖమును చూపదలచినచో ముందుగా ఒక మాట అడుగవలెను. అడుగ వీలులేనిచో ముఖమును నీడకే వదలవలెను. నిలువ నీడ అన్నప్పుడు తెలుగువారు నీడను ఆశ్రయమనియే గ్రహింతురు. ఛాయాగ్రాహకుడు వీథిలోని పరాయి మనిషికి ఆపాటి ఆశ్రయమిచ్చుట కళకు లోటు కాదు.