సైకిల్ అద్దె ఎవరిస్తారు?

రిజర్వ్ టీమ్ అనగానే చాలామంది బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకుని కూర్చునే వాళ్లనుకుంటారు. వాళ్లు సబ్‌స్టిట్యూట్లు, సీనియర్ జట్టులో భాగమే. రిజర్వ్ టీమ్ పూర్తిగా వేరే జట్టు. దానికి వేరే కోచ్, వేరే మ్యాచ్‌లు, వేరే లీగ్. అకాడమీలో పెరిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ముప్పై ఏళ్ల డిఫెండర్‌ని ఢీకొట్టేంత గట్టిపడి ఉండడు. అలాగని చిన్నపిల్లలతో ఆడిస్తే కొత్తగా నేర్చుకునేదీ ఉండదు. ఆ మధ్యలో రెండు మూడేళ్లు వాణ్ణి ఖాళీగా కూర్చోబెట్టకుండా ఆడించడానికే రిజర్వ్.

బార్సిలోనా ఫ్యాన్స్‌కి ఇది చెప్పక్కర్లేదు. లా మాసియా అకాడమీ 1979లో మొదలైంది. 2012 నవంబరులో లెవాంటేతో మ్యాచ్‌లో ఒక దశలో మైదానంలో ఉన్న బార్సా ఆటగాళ్లు 11 మందీ అక్కడ పెరిగినవాళ్లే. లెక్క చూడండి, 33 ఏళ్లు పట్టింది. మన దగ్గర ఐఎస్ఎల్ క్లబ్బుల కుర్రాళ్ల కోసం రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ మొదలైందే 2022లో, గోవాలో. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ కుర్రాళ్లు బ్రిటన్ వెళ్లి అక్కడి క్లబ్బుల పిల్లలతో ఆడి వచ్చారు. ఆ మొదటి సీజన్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ కుర్రాళ్లూ ఆడారు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ అన్నాను కదా. అసలు కథ అక్కడుంది.

2019లో పుట్టిన క్లబ్బు. 2022 మార్చిలో ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రి మా ఘంటసాలలో టపాసులేమీ కాల్చలేదు గానీ, మా అన్నయ్య కొడుకు మాత్రం ఆ రోజు నుంచి గోల్‌కీపర్ అయిపోయాడు. రెండేళ్లు తిరక్కుండానే క్లబ్బులో జీతాలు ఆగాయి. బకాయిల గొడవతో కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 2024 జనవరికల్లా విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ, సీనియర్లలో చాలామందీ వెళ్లిపోయారు. మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లు. రిజర్వ్‌లో ఇంకో ఏడాదో రెండేళ్లో ముదరాల్సిన పిల్లల్ని నేరుగా టీవీ ముందు దించేశారు. 22 మ్యాచ్‌ల్లో 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. సీజన్ మొత్తంలో గెలిచింది ఒక్కటే, మార్చిలో చెన్నై వెళ్లి 1-0తో. నన్నడిగితే ఐఎస్ఎల్ కప్పు కన్నా ఆ ఒక్క గెలుపే గట్టిది. జీతం వస్తుందో రాదో తెలియని క్లబ్బులో, వారం వారం ఓడిపోతూ కూడా మళ్లీ బూట్లు కట్టుకుని దిగడం ఇరవై ఏళ్ల వయసులో మాటలు కాదు.

ఆ తర్వాత 2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బుని తీసుకుంది. రిజర్వ్ కుర్రాళ్లకి నేర్పిన షమీల్ చెంబకత్ ఆ ఏడాది చివర్లో సీనియర్ జట్టు బాధ్యతలూ మోశారు. 2025 అక్టోబరుకి క్లబ్బు ఢిల్లీ వెళ్లిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.

మొన్న మావాడు అడిగాడు, "బాబాయ్, హైదరాబాద్ ఎఫ్‌సీ అకాడమీకి ట్రయల్స్ ఎప్పుడు పెడతారు?" వాడికిప్పుడు తొమ్మిదో తరగతి. ఏం చెప్తాం? సీనియర్ జట్టు ఊరు మారితే అభిమాని జెర్సీ మార్చుకుంటాడు, లేదా బీరువాలో పెట్టుకుంటాడు. కింద నుంచి ఎక్కుదామనుకున్న పిల్లాడికి నిచ్చెనే ఢిల్లీ వెళ్లిపోయినట్టు.

పాత హైదరాబాద్‌కి ఈ నిచ్చెన ఉండేది, అకాడమీ అనే బోర్డు లేకుండానే. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కొట్టింది. దాని కోచ్ ఎస్.ఎ. రహీమ్ కుర్రాళ్ల కోసం చిత్రమైన టోర్నీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. ఇంకోదాంట్లో బలహీనమైన కాలుతోనే తన్నాలి. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంట్లో పడ్డాడు. ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దె రహీమే ఇచ్చేవారట. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఆడాడు, 1960 రోమ్‌లో హంగేరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. అకాడమీ అంటే హాస్టలు, జిమ్ము, వీడియో అనాలిసిస్ అన్నీ నిజమే. వాటన్నిటి కింద ఉండేది మాత్రం ఆ సైకిల్ అద్దే. పిల్లాడు ఇంకా ఎందుకూ పనికిరాని రోజుల్లో వాడి మీద డబ్బు పెట్టేవాడొకడు ఉండాలి.

ఇప్పుడలా పెట్టేవాళ్లు అసలు లేరని కాదు. శ్రీనిధి 2015లో పుట్టి, ముందు పిల్లల లీగుల్లో ఆడి, సీనియర్ జట్టుతో 2021-22లో ఐ-లీగ్‌కి వచ్చింది. ఆ తర్వాత రెండు సీజన్లు వరుసగా రెండో స్థానం. పునాది వేశాకే మేడ కట్టారన్నమాట. అనంతపురంలో ఆర్‌డీటీ వాళ్ల స్పోర్ట్స్ అకాడమీ పల్లెటూరి పిల్లల్ని, ముఖ్యంగా అమ్మాయిల్ని కూడా, ఫుట్‌బాల్‌లోకి తెచ్చింది. కాకపోతే మాకు అనంతపురమంటే ఒక రాత్రి ప్రయాణం. ఇక్కడేమో బందరు బస్సెక్కి వెళ్లి రావడానికే సాయంత్రం సరిపోతుంది. కోతలయ్యాక చేలల్లో ఆడుకోవచ్చు కదా అంటారు పట్నం వాళ్లు. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందే మినుము చల్లేస్తాం, చేను ఖాళీగా ఎప్పుడుంటుంది? మిగిలింది హైస్కూల్ గ్రౌండే. అందులో సగం క్రికెట్టు, సగం వాలీబాల్.

ఈ ఖాళీలోకే వాట్సాప్ మెసేజ్‌లు దూరుతున్నాయి. "ఓపెన్ ట్రయల్స్, ఐఎస్ఎల్ స్కౌట్లు వస్తున్నారు, ఫీజు మూడు వేలు." మావాడికీ వచ్చింది. "ఏరా, మూడు వేలేగా, కట్టేద్దామా?" అన్నాడు అన్నయ్య. "ఆగు అన్నయ్యా" అని ఆ నంబరుకి ఫోన్ చేశాను. గ్రౌండ్ ఎక్కడ, ఏ జిల్లా సంఘంలో రిజిస్టర్ అయ్యారు, రసీదు ఇస్తారా అని అడిగితే "ఫీజు కట్టాక గ్రూపులో చెప్తాం సార్" అన్నారు. కట్టలేదు.

మీకూ అలాంటి మెసేజ్ వస్తే ఇంకో ప్రశ్న కూడా అడగండి, పిల్లాడి పేరు ఏఐఎఫ్ఎఫ్ వారి సీఆర్ఎస్‌లో నమోదు చేయిస్తారా అని. ఆన్‌లైన్ రిజిస్ట్రేషనే అది. చిన్న కాగితం పని అనిపిస్తుంది గానీ దాని వెనక డబ్బుంది. ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి అమ్ముడైతే, ఆ సొమ్ములో 5 శాతం అతణ్ణి 12 నుంచి 23 ఏళ్ల దాకా ఆడించిన క్లబ్బులకి పంచాలని ఫిఫా రూలు. కోటి రూపాయల బదిలీ అయితే 5 లక్షలు. అందులో పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఆడించిన చిన్న క్లబ్బుకి ఏడాదికి 25 వేలు. రికార్డుల్లో పేరుంటేనే సుమా.

మావాడి పేరు ఈ ఏడాది స్కూల్ గేమ్స్ జాబితాలో రాయించాం. గ్లోవ్స్ ఇంకా కొనలేదు. ఆ మూడు వేలు మిగిలాయిగా అని వాడే రోజూ గుర్తుచేస్తున్నాడు.