‘ఫైన్’ అంటే బాగున్నట్లేనా?

అనుమతి అడగకుండానే మన ఇళ్లలో ప్రవేశించిన ఆంగ్ల పదాలలో ‘ఫైన్’ ఒకటి. బడికి ఆలస్యంగా వెళ్ళిన పిల్లవాడు ఇంటికి వచ్చి ‘ఫైన్ కట్టమన్నారు’ అంటాడు. సాయంత్రం ఫోనులో యోగక్షేమాలు అడిగిన మేనమామకు అదే పిల్లవాడు ‘ఫైన్ మామూ’ అని బదులిస్తాడు. మొదటిది జరిమానా, రెండవది క్షేమం. ఒకే పదం ఇంతటి దూరపు అర్థాలను ఎలా మోస్తున్నది?

లాటిన్ భాషలో ‘ఫీనిస్’ అంటే అంతం, హద్దు అని అర్థం. ఆ మాట ఫ్రెంచి మీదుగా రెండు దారులలో ఆంగ్లానికి చేరింది. వివాదాన్ని ముగించడానికి చెల్లించే సొమ్ము అనే అర్థం మొదటి దారిలో వచ్చింది. నేటి జరిమానా దాని నుండి పుట్టినదే. భూమి హక్కులను బదిలీ చేయడానికి ఇంగ్లండు న్యాయస్థానాలలో కుదుర్చుకునే ఒక విధమైన రాజీని కూడా ‘ఫైన్’ అనేవారు. 1833లో ఆ పద్ధతిని చట్టం ద్వారా రద్దు చేశారు. ‘ఫైనల్’, ‘ఫినిష్’ అనే మాటలూ, బాకీ తీర్చివేయడం అనే అర్థం నుండి వచ్చిన ‘ఫైనాన్స్’ అనే మాటా ఈ కుటుంబానికి చెందినవే.

రెండవ దారిలో ఆ మాటకు గౌరవం దక్కింది. చివరి హద్దును అందుకున్నది, ఇక మెరుగు పెట్టనవసరం లేనిది ‘ఫైన్’ అయింది. 22 క్యారెట్ల నగపై 916 అనే అంకె చూస్తుంటాము. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి బంగారమని దాని భావం. ఆ స్వచ్ఛతను ఆంగ్లంలో ‘ఫైన్‌నెస్’ అంటారు. శ్రేష్ఠత నుండి నాజూకుతనం, నాజూకుతనం నుండి సన్నదనం అర్థాలుగా ఏర్పడ్డాయి. సన్నని దారం, మెత్తగా విసిరిన పిండి, లలితకళలు, వాన లేని నిర్మలమైన రోజు, అప్పు పత్రం అడుగున కంటికి ఆనని అక్షరాలలో దాగిన షరతులు, అన్నిటికీ ఈ ఒక్క పదమే చాలుతున్నది.

వాడుక భాషలో దాని పోకడలు వేరు. అమెరికా యువత రూపవంతులైన స్త్రీపురుషులను ‘ఫైన్’ అంటుంది. ఫోను తెర మీదుగా ఆ వాడుక మన పిల్లలకూ అలవడుతున్నది. పరాయి స్త్రీ చిత్రం కింద రాసే ఆ మాట పైకి ప్రశంసగానే కనిపించవచ్చు. కానీ విశ్వాసులు తమ చూపులను అదుపులో ఉంచుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ (24:30) ఆదేశించింది. చూపుకు వర్తించే మర్యాద వేలికొనలకు వర్తించదా? మరొక పోకడ కోపానిది. వాదన మధ్యలో ‘ఫైన్!’ అని విసురుగా అంటే అది అంగీకారం కాదు, ఇక నాతో మాట్లాడవద్దని అర్థం.

అయితే ఈ అర్థాలన్నిటికంటే మనం ఎక్కువగా పట్టించుకోవలసినది ‘ఎలా ఉన్నావు?’ అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చే ‘ఫైన్’ను. ఇటీవల పరిచయస్తుడైన ఒక తండ్రి తన బాధ చెప్పుకున్నాడు. ఆయన కుమార్తె వేరే ఊరిలో హాస్టలులో ఉండి చదువుతున్నది. వ్యాపారం దెబ్బతిని ఆయన ఫీజు సకాలంలో కట్టలేకపోయాడు. తల్లి ప్రతి రాత్రీ ఫోను చేసి ‘ఎలా ఉన్నావు బేటీ?’ అని అడిగేది. ‘ఫైన్ అమ్మీ’ అని అమ్మాయి చెప్పేది. సెలవులకు వచ్చినప్పుడు ఆమె పుస్తకాల మధ్య రసీదులు కనిపించాయి. ఆలస్యానికి కళాశాలవారు వేసిన ఫైనును తండ్రికి భారం కాకూడదని స్నేహితురాళ్ల వద్ద అప్పు చేసి తానే కట్టింది. ‘రెండు నెలలు రోజూ అదే మాట విన్నాము. ఒక్కనాడైనా మరో ప్రశ్న అడగలేదు’ అని ఆ తండ్రి కంటతడి పెట్టాడు.

అంతం అనే మూలార్థం ఆ ఇంట నిజమైంది. ఆ జవాబుతో సంభాషణ ప్రతి రాత్రీ అక్కడే ముగిసిపోయింది.

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబూబకర్ (రజి) దారిలో హంజలా (రజి)ను కలిసి ఎలా ఉన్నావని అడిగారు. హంజలా తాను కపటి అయిపోయానని బదులిచ్చారు. దైవప్రవక్త (స) సన్నిధిలో స్వర్గనరకాలు కళ్ల ముందే ఉన్నట్లుంటాయని, ఇల్లు చేరి ఆలుబిడ్డలలో, వ్యవహారాలలో పడగానే ఎంతో మరచిపోతున్నానని వాపోయారు. అబూబకర్ (రజి) ఆయనను మందలించలేదు, మాట దాటవేయలేదు. తన స్థితి కూడా అదేనన్నారు. ఇద్దరూ కలిసి దైవప్రవక్త (స) వద్దకు వెళ్లారు. మనిషి హృదయం అన్ని వేళలా ఒకే స్థితిలో ఉండదని, ఏ వేళకు ఉండేది ఆ వేళకు ఉంటుందని ఆయన ఊరడించారు. అడిగినవారు నిలబడి విన్నారు గనుకనే ఆ ఊరట హంజలాకూ, ఆయన తరువాత మనకూ లభించింది.

మరి ‘అల్‌హమ్దులిల్లాహ్’ అనడం మాటేమిటి? అది విశ్వాసికి తగిన జవాబే. అయితే దైవాన్ని స్తుతించడమంటే బాధను దాచడం కాదు. సహనానికి ఆదర్శమైన అయ్యూబ్ (అలై) కూడా తన కష్టాన్ని ప్రభువు ముందు విన్నవించుకున్నారు. కృతజ్ఞత చెప్పిన నోటితోనే మన కష్టాన్ని ఆత్మీయులకు చెప్పుకోవచ్చు.

తెలుగువారు ‘కులాసాయేనా?’ అని అడుగుతారు. ఆ కులాసా ఉర్దూలోని ‘ఖులాసా’ నుండి వచ్చినదే. దాని అరబీ ధాతువు నుండే మేలిమి అనే అర్థం గల ‘ఖాలిస్’, చిత్తశుద్ధి అనే అర్థం గల ‘ఇఖ్లాస్’ పుట్టాయి. క్షేమం అడిగే మాటలోనే చిత్తశుద్ధి ఉండాలని మన భాష మనకు గుర్తుచేస్తున్నది.

ఈ రాత్రి మీ బిడ్డ ‘ఫైన్’ అంటే ఫోను పెట్టేయకండి. ఈ పూట ఏమి తిన్నావు, ఎవరితో కూర్చున్నావు, డబ్బు సరిపోతున్నదా అని అడగండి. ఇంటి ఇబ్బంది ఏదైనా ఉంటే మీరూ దాచకుండా వయసుకు తగినంత చెప్పండి. పెద్దలు మనసు విప్పి మాట్లాడే ఇంటిలో పిల్లలకు కూడా నిజం చెప్పే ధైర్యం వస్తుంది.