బరువు తగ్గించే శస్త్రచికిత్స: ఎవరికి, ఏది?

గాజువాక నుండి ఒక సోదరి రాసిన లేఖ ఈ నెల మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ఆమె వయస్సు 44, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. ఎనిమిదేళ్లుగా మధుమేహం. ఇన్సులిన్ వాడుతున్నా చక్కెర అదుపులోకి రావడం లేదు. పడుకోగానే ఛాతీలో మంట, పులితేన్పులు. నగరంలో ఒక వైద్యుడు స్లీవ్ చేయించుకోమన్నారు, మరొకరు బైపాస్ మేలన్నారు. అత్తగారేమో అల్లాహ్ ఇచ్చిన శరీరాన్ని కోయించుకోవడమేమిటని అడ్డుచెబుతున్నారు. చివర ఆమె మరో మాట చేర్చారు: "మా అమ్మాయికి 20 ఏళ్లు, 160 సెంటీమీటర్లు, 66 కిలోలు. లావుగా ఉందని రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇద్దరికీ ఒకేసారి చేయించవచ్చా?"

తల్లి ప్రశ్న వేరు, కూతురి ప్రశ్న వేరు. ముందు తల్లి విషయం చూద్దాం.

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఈ సోదరికి అది దాదాపు 37. ఈ రంగంలోని శస్త్రవైద్యుల అంతర్జాతీయ సంఘాలు 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం 35 దాటినవారికి ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. ఆసియా వాసులకు ఆ హద్దు 27.5. కనుక ఆమెకు శస్త్రచికిత్స ఆలోచన అసమంజసం కాదు. అత్తగారి సందేహానికి మా సమాధానం ఒక్కటే. ఇది అందం కోసం కాదు, జబ్బు కోసం. జబ్బుకు చికిత్స చేయించుకోమన్న దైవప్రవక్త (స) బోధన ఆమెకూ తెలిసినదే.

మన ఇళ్లలో చాలామంది దీనిని కొవ్వు పీల్చివేసే లైపోసక్షన్‌తో కలిపేస్తారు. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. మరణానికి అదే కారణమని మేము అనడం లేదు. కానీ ఆనాటి భయం ఈ ఆపరేషన్ల మీద కూడా పడింది. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీస్తుంది. దానివల్ల మధుమేహం నయం కాదు. మనం మాట్లాడుతున్నవి జీర్ణకోశానికి చేసే ఆపరేషన్లు.

వీటిలో జీర్ణాశయం పైభాగాన సిలికాన్ పట్టీ బిగించే పద్ధతి దాదాపు మూలపడింది. బరువు తక్కువగా తగ్గడం, చాలామందికి పట్టీని మళ్లీ తీసివేయవలసి రావడం అందుకు కారణాలు. ఇప్పుడు ఎక్కువగా జరిగేది స్లీవ్. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. తీసినది మళ్లీ రాదు.

బైపాస్‌లో జీర్ణాశయం పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, చిన్నపేగు కింది భాగానికి కలుపుతారు. అన్నం మిగిలిన జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తాకకుండా వెళుతుంది. బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే చాలామందికి చక్కెర దిగడం ఇందులోని విశేషం. అందుకు మూల్యమూ ఉంది. ఇనుము, కాల్షియం, బి12 మాత్రలు జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్షలు చేయించాలి. కీళ్లనొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు చాలావరకు మానుకోవాలి, పుండ్లు పడతాయి. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్‌లో పైత్యరసం పైకి ఎగదన్నే ప్రమాదం అదనం. డుయోడినల్ స్విచ్ అనే పద్ధతిలో బరువు అన్నిటికంటే ఎక్కువ తగ్గుతుంది, పోషకలోపమూ అంతే.

ఏది ఎక్కువ బరువు తగ్గిస్తుందన్న ఒక్క ప్రశ్నతో ఎంచుకుంటే ఈ సోదరి పొరబడతారు. స్విట్జర్లాండ్‌లో స్లీవ్, బైపాస్ చేయించుకున్నవారిని అయిదేళ్లు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా ఛాతీమంటలో వచ్చింది. ముందే ఆ బాధ ఉన్నవారిలో స్లీవ్ తర్వాత నూటికి 32 మందికి అది పెరిగింది, బైపాస్ తర్వాత 6 మందికే. మంటా, మొండి మధుమేహమూ రెండూ ఉన్న మనిషికి బైపాస్ వైపే మా మొగ్గు. అయితే ఎండోస్కోపీ చేయకుండా ఎవరు ఏది చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇంటి సంగతీ చూసుకోవాలి. ఆమె భర్త ఉక్కు కర్మాగారంలో బి-షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది, ఆ తర్వాతే ఇద్దరూ కలిసి భోంచేస్తారట. ఆపరేషన్ తర్వాత ఆ అలవాటు సాగదు. కొద్దికొద్దిగా, నమిలి నమిలి తినాలి. నీళ్లు అన్నంతో కాకుండా రోజంతా గుక్కగుక్కగా తాగాలి. అందుకే మొదటి ఏడాది వచ్చే రమజాన్‌లో ఉపవాసాలు వద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. తర్వాత కూడా వారిని అడిగే మొదలుపెట్టాలి. బైపాస్ అయినవారు ఇఫ్తార్‌లో షర్బత్ గటగటా తాగితే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం తప్పవు. ఇది బంధువుల ఇళ్లలో ముందే చెప్పి ఉంచవలసిన మాట. మన ఆతిథ్యం సంగతి తెలిసిందే కదా!

ఖర్చు గురించి ఒక మాట. బి.ఎం.ఐ. 40 ఉన్నా, లేదా అదుపులేని మధుమేహం వంటి తీవ్రవ్యాధితో 35 ఉన్నా, ఇతర చికిత్సలు విఫలమైతే, స్థూలకాయం పేరిట ఉండే బీమా మినహాయింపు వర్తించదని నియంత్రణ సంస్థ నిబంధన. పాలసీ కాగితాలు చదివించుకోండి.

ఇక అమ్మాయి. ఆమె బి.ఎం.ఐ. 26కు లోపే. ఆమెకు ఈ ఆపరేషన్లలో ఏదీ అవసరం లేదు. పైగా వీటి తర్వాత 12 నుండి 18 నెలలు గర్భం దాల్చకూడదంటారు. పెళ్లి కోసం కోయించి, పెళ్లయ్యాక ఆ సంగతి అత్తింటివారికి ఎవరు చెబుతారు? తప్పిపోయిన సంబంధాలకు ఆ పిల్ల పొట్టతో జవాబు చెప్పించకండి. నెలసరి సక్రమంగా లేకపోతే మాత్రం థైరాయిడ్, పి.సి.ఓ.డి. పరీక్షలు చేయించాలి. కె.జి.హెచ్. ఓ.పి.కి ఆమెను తీసుకువెళ్లి, ఆ ఫలితాలతో మాకు మళ్లీ రాయండి.